బూత్‌కు మూడు ఓట్లు: ఎమ్మెల్యేకి నిలబడతానంటున్న మేనల్లుడికి

చిత్తూరు నుంచి మీ మేనమామ ఆశీర్వదించి రాయునది.

అల్లుడూ, నిన్న పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "వాడు 2029లో ఎమ్మెల్యేకి నిలబడతాడంట అన్నా, రెండు బోరు లారీలు అమ్మేస్తానంటా ఉండాడు, నువ్వైనా చెప్పు" అంది. వద్దని చెప్పమని ఆమె ఉద్దేశం. నేను వద్దనను. వద్దన్నా నువ్వు వినే రకం కాదు, అచ్చం మా నాయన పోలిక. కానీ లారీలు మాత్రం అమ్మొద్దు. ఎందుకో కింద రాస్తాను, ఓపికగా చదువు.

నా అర్హత ఏమిటంటావేమో. బెల్లం మండీలో గుమాస్తాగా పద్దులు రాసుకునే నన్ను 1994లో ఒకాయన ఎలక్షన్ ఖర్చులు రాయమని పిలిచాడు. అప్పట్నుంచి 2019 దాకా ఆరు అసెంబ్లీ ఎన్నికల్లో, ముగ్గురు అభ్యర్థులకు, లెక్కలూ ఏజెంట్ల పనీ చూశాను. గెలిచినవాళ్లను చూశాను, ఓడినవాళ్లను ఇంకా దగ్గర్నుంచి చూశాను. కండువా ఎప్పుడూ వేసుకోలేదు, అందుకే ముగ్గురూ నన్ను నమ్మారు.

నువ్వు ముందు టికెట్ గురించి ఆలోచిస్తున్నావు. విజయవాడకు ఎవరి ద్వారా పోవాలి, ఎవరికి శాలువా కప్పాలి అని. అది తర్వాత. నువ్వుండేది తిరుపతిలోనే కాబట్టి తిరుపతి లెక్కే చెప్తా. 2019లో అక్కడ భూమన కరుణాకర్ రెడ్డి సుగుణమ్మ మీద 708 ఓట్లతో గెలిచాడు. నియోజకవర్గంలో ఒక 250 బూత్‌లు అనుకో. బూత్‌కు మూడు ఓట్లు కూడా రాలేదు తేడా. ఇంకా లోతుగా చూస్తే, 355 మంది అటు వేసింది ఇటు వేసుంటే ఫలితం తారుమారు. మన నగరిలో 2014లో రోజా గెలిచింది 858తో. స్టేజీల మీద లక్ష మెజారిటీ అని అరుస్తారే, నువ్వు మాత్రం ఏ బూత్‌లో చూసినా "ఈడ నాకు తగ్గే ఆ ముగ్గురు ఎవరు?" అని అడగడం నేర్చుకో.

ఆ ముగ్గురు ఎవరో నేను చెప్పగలను. ఒకడు ఓటరు జాబితాలో పేరు లేనివాడు. ఇల్లు మారాడు, కొత్త వీధిలో ఎక్కించుకోలేదు. పోలింగ్ రోజు ఎండలో గంట నిలబడి, లోపల పేరు లేదంటే బయటికొచ్చి అన్ని పార్టీలనూ తిట్టి ఇంటికి పోతాడు. రెండోవాడు బెంగళూరులో ఉంటాడు. కుప్పం, పలమనేరు వైపు ఇంటికొకరు అక్కడే పని. మూడోవాడు నీ మీద అలిగినవాడు. వాడి సంగతి తర్వాత చెప్తా.

కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టు. మీ మండలంలో ప్రతి బూత్ జాబితా ప్రింట్ తీయించు. కొత్తగా పద్దెనిమిది నిండినవాళ్లకు ఫారం 6, ఇల్లు మారినవాళ్లకూ పేరు తప్పు పడినవాళ్లకూ ఫారం 8. జనవరి 1 ఒక్కటే కాదు, ఏప్రిల్, జూలై, అక్టోబరు 1వ తేదీలకు పద్దెనిమిది నిండినా ఇప్పుడు తీసుకుంటారు. నామినేషన్ల ఆఖరి రోజు దాటితే ఒక్క పేరు కూడా ఎక్కదు. ఆ గడువు తెలియక చివరి వారంలో తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగే నాయకులు ఇప్పటికీ ఉన్నారు. అవతలివాళ్ల ఓట్లు తీసేయించడానికి ఫారం 7లు కట్టలుగా పెట్టే తెలివితేటలు మాత్రం నీకొద్దు. తప్పుడు ఫిర్యాదుకు శిక్ష ఉంది. అంతకన్నా పెద్ద నష్టం, పేరు పోయినవాడు దానికి కారణం ఎవరో కనుక్కుని ఊరంతా చెప్తాడు.

నువ్వు బోరు వేసేముందు పాయింట్ చూపిస్తావు కదా, ఆ ముసలాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా నడుస్తాడే, అట్లా ఒక్కో వీధి నడవాలి. కారులో కూర్చుని చేయి ఊపితే నీళ్లు పడవు.

నడక అంటే ఒకటి గుర్తొచ్చింది. ఒకసారి మా అభ్యర్థితో ఇంటింటి ప్రచారానికి పోయాం. మొదటి ఊళ్లో ఒకామె హారతి పట్టింది. ఇత్తడి పళ్లెం, అంచు ఒక చోట సొట్ట. ఆయన నోటు వేశాడు. రెండో ఊళ్లో ఇంకో ఆడమనిషి, హారతి, నోటు. పళ్లెం చూస్తే అదే సొట్ట. మూడో ఊళ్లో కూడా అదే. నాకు పద్దు రాసే కళ్లు కదా, పట్టేశాను. స్వాగతం ఏర్పాట్లు చూసే కుర్రాడు ఆటోలో మాకంటే ముందు పోయి, పళ్లెం ఇచ్చి, మనిషిని నిలబెడుతున్నాడు. అభ్యర్థి మాత్రం "చూశావా, ఆడవాళ్లంతా మనవైపే" అని పొంగిపోయాడు. మూడో ఊళ్లో అరుగు మీద కూర్చున్న ముసలోళ్లు మూతికి తుండు అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే నేను తల దించుకున్నాను. కౌంటింగ్ రోజు ఆ మూడు ఊళ్లలోనూ మేమే వెనక. నీ చుట్టూ ఉన్నవాళ్లు నీకు చూపించేదాన్నే ఊరు అనుకోవద్దు. ఇప్పుడైతే వీడియో టీములు వెంటే ఉంటాయి, పళ్లెంలో నోటు పడితే కేసు కూడా.

డబ్బు పంచే సంగతి నువ్వు ఎట్లాగూ అడుగుతావు. అది నేరం, రుజువైతే గెలిచిన ఎన్నిక కూడా కొట్టేస్తారు. చట్టం సంగతి పక్కన పెట్టి గుమాస్తాగా ఒక మాట చెప్తా విను. రెండు పార్టీలూ పంచిన ఊళ్లో కూడా ఒకడు ఓడాలి కదా? ఆ ఓడినవాడి డబ్బు ఏమైనట్టు? పైనుంచి బయల్దేరింది కిందికి ఎంత చేరిందో ఏ పద్దులోనూ ఉండదు. కవర్ అందిన ఇల్లు మర్చిపోతుంది, అందని పక్కిల్లు మాత్రం ఐదేళ్లు గుర్తుపెట్టుకుంటుంది. లారీలు అమ్మొద్దన్నది ఇందుకే. ఓడిన మర్నాడు కూడా నీకు వ్యాపారం ఉండాలి. లేకపోతే గెలిచినా ఆ డబ్బు రాబట్టుకునే చింతతోనే పదవి గడిచిపోతుంది.

ఇక మన ఉమ్మడి చిత్తూరు జిల్లా చరిత్ర కాస్త. 1983 జనవరిలో ఎన్టీ రామారావు తిరుపతిలో గెలిచాడు. అదే ఎన్నికలో ఆయన అల్లుడు చంద్రబాబు, అప్పటికి కాంగ్రెస్ ప్రభుత్వంలో మంత్రి, పక్కనే ఉన్న చంద్రగిరిలో ఓడిపోయాడు. చంద్రగిరి ఆయన సొంత నియోజకవర్గం, నారావారిపల్లె అందులోదే. మామ గెలిచాడు, అల్లుడు ఓడాడు. నవ్వకు, మనకది వర్తించదు, నేను నిలబడటం లేదు. ఆ అల్లుడే 1989లో జిల్లాకు ఆ చివరనున్న కుప్పం పోయి, 2024 దాకా వరసగా ఎనిమిదిసార్లు గెలిచాడు. 2009లో చిరంజీవి చూడు, తిరుపతి గెలిపించింది, సొంత జిల్లాలో పాలకొల్లు ఓడించింది. సొంతూరు, సొంత కులం, చుట్టరికం అని నువ్వు లెక్కేసుకున్న ఓట్లే ముందుగా జారిపోతాయి. ఎందుకంటే వాళ్లింటికి నువ్వు ఆఖర్న పోతావు. "మనవాళ్లే కదా" అంటావు. అలిగిన ఆ మూడోవాడు అక్కడే ఉంటాడు.

నామినేషన్ గురించి రెండు ముక్కలు. అఫిడవిట్, అంటే ఆస్తులూ కేసులూ రాసిచ్చే ఫారం 26లో ఏ గడీ ఖాళీగా వదలొద్దు. లేనిచోట "లేదు" అని రాయి, ఖాళీ వదిలితే తిరస్కరించే అధికారం వాళ్లకుంది. గడువు పొద్దున పదకొండు నుంచి మూడు దాకానే. మన జిల్లాలో అందరికీ ఒకే సిద్ధాంతి, ఒకే ముహూర్తం. ఆఫీసుకు వంద మీటర్ల లోపు మూడు బండ్లు, లోపలికి నీతో కలిపి ఐదుగురు. బయట ఊరేగింపు చూసుకుంటూ మధ్యాహ్నం రెండున్నరకు చెమటలు కక్కుతూ పరిగెత్తిన పెద్దమనిషిని నేనెరుగుదును. గుళ్లో పూజ చేయించుకో, గుళ్లో ఓటు మాత్రం అడగొద్దు. ఎన్నికలు మే నెలలో వస్తే గంగజాతర కూడా అప్పుడే, అక్కడ అసలే జాగ్రత్త.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్తా. మీ అమ్మకు కూడా తెలియదు. ఒక ఎన్నికలో మా అభ్యర్థి ఓడిపోయాడు. ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లో ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హుడు. గెలిచినవాడికీ అంతే, ఓడినవాడికీ అంతే. నేను వోచర్లన్నీ గోనెసంచిలో కట్టి మండీ గోడౌన్‌లో, బెల్లం దిమ్మెల పక్కనే పెట్టాను. పదిహేను రోజుల తర్వాత సంచి విప్పితే ఏముంది, ఎలుకలు కొట్టేసిన కాగితం తుంపులు, వాటి నిండా చీమలు. బెల్లం చేత్తో రాసిన బిల్లులు మరి, వాటికి పండగే. టెంట్ హౌసు, మైక్‌సెట్టు, టిఫిన్ సెంటర్, జీపుల యజమానులు, అందరి దగ్గరికీ డూప్లికేట్ బిల్లు కోసం తిరిగాను. ప్రతివాడూ ఒకటే మాట: "ముందు పాత బాకీ కట్టండి సార్." అప్పుడు తెలిసింది, కింది కుర్రాళ్లు నా దగ్గర డబ్బు తీసుకుని, వోచర్ రాయించి, వాళ్లకు సగం కూడా ఇవ్వలేదని. టిఫిన్ సెంటర్ ముసలమ్మకు నాలుగు రోజుల ఇడ్లీల డబ్బు నా జేబులోంచి ఇచ్చాను. ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం లెక్క దాఖలైంది. ఆ సంచి వాసన ఇంకా నా ముక్కులో ఉంది.

కాబట్టి ఎన్నికల ఖర్చుకు వేరే బ్యాంకు ఖాతా నామినేషన్‌కు ముందే తెరువు. ఒక్కరికి మొత్తం మీద పదివేలు దాటితే నగదు ఇవ్వకూడదు, చెక్కో ఆన్‌లైనో. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి ఇప్పుడు 40 లక్షలు. కుర్చీకి ఇంత, టీకి ఇంత, షామియానాకు ఇంత అని అధికారులే రేట్ల పట్టీ ఇస్తారు. నువ్వు ఐదు రూపాయల టీ అని రాసినా వాళ్ల రేటే వేస్తారు. రోజుపద్దు ఆ రోజు రాత్రే రాయించు, రాసేవాడికి నీ బావమరిదిని పెట్టొద్దు.

పోలింగ్ రోజు ఏజెంటే నీకు కళ్లు. ఆ బూత్ ఓటరునే పెట్టుకో, వచ్చినవాణ్ణి ముఖం చూసి గుర్తుపట్టాలి. ఏడింటికి పోలింగ్ అంటే ఐదున్నరకే మాక్ పోల్, అంటే యంత్రాన్ని పరీక్షించే ఉత్తుత్తి పోలింగ్, మొదలవుతుంది, అప్పటికి అక్కడ ఉండాలి. కనీసం యాభై ఓట్లు వేసి, లెక్క చూసి, యంత్రంలో అవి చెరిపేశారా, వీవీప్యాట్ డబ్బాలో స్లిప్పులు తీసేశారా అని కళ్లారా చూడాలి. సాయంత్రం 17సీ కాగితం చేతికి వచ్చాకే కదలాలి. మొత్తం ఎన్ని ఓట్లు పోలయ్యాయో అందులో ఉంటుంది, కౌంటింగ్ టేబుల్ దగ్గర సరిచూసుకోవడానికి అదే ఆధారం. మధ్యాహ్నం సంగటి ముద్ద కోసం ఇంటికి పోయేవాణ్ణి ఏజెంటుగా పెట్టుకోవద్దు. క్యారియర్ నువ్వే పంపు. అది ఆలస్యమైతే తప్పు వాడిది కాదు, నీది.

గెలిచావే అనుకో. మన దగ్గర ఎమ్మెల్యే అంటే సగం జనానికి కొండ మీద దర్శనం లెటరు. తెల్లవారి ఐదింటికే గేటు ముందు మనుషులు, బ్రేక్ దర్శనానికి సిఫార్సు కావాలని. ఒకరికి ఇస్తే పదిమందికి కోపం. మా అభ్యర్థుల్లో ఒకాయన దీనికో నోటుబుక్కు పెట్టాడు: ఏ ఊరు, ఎవరు, ఏ తేదీ. అడిగినవాళ్లకు వాళ్ల ముందే తెరిచి చూపించేవాడు. మీ ఊరికి పోయిన నెల మూడు ఇచ్చాను, ఈ నెల పక్కూరికి అనేవాడు. జనం గొణిగినా ఒప్పుకున్నారు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు టీటీడీ లెటర్లు ఆపేస్తుంది, అప్పుడు గేటు ముందు ఖాళీ. ఆ ఖాళీ గేటు చూస్తే ఐదేళ్లలో నిజంగా నీకోసం వచ్చినవాళ్లు ఎంతమందో తెలిసిపోతుంది.

ఓడితే మాత్రం మర్నాడు పొద్దున ఆఫీసు షట్టర్ తీసి కూర్చో. నేను చూసిన ఓడినాయన ఫోన్ ఆపేసి ఇరవై రోజులు కనబడలేదు. తిరిగొచ్చేసరికి మండల నాయకుల్లో సగంమంది అవతలి శిబిరంలో టీ తాగుతున్నారు.

వచ్చే ఆదివారం రా. మీ వీధి బూత్ జాబితా ప్రింట్ తీసుకురా, పెద్ద అక్షరాల్లో, నా కళ్లజోడు మార్చినా చిన్నవి కనబడటం లేదు. పేరు పేరునా ఎర్ర పెన్సిలుతో చూద్దాం, నీకు తెలియని ఇళ్లెన్నో. తెలిసినవి నాకు చెప్పక్కర్లేదు. మీ అమ్మను ఏడవొద్దని చెప్పి, కాసిని ఊరమిరపకాయలు కట్టించుకు రా.

మీ మామ