మిల్లు బూడిద వద్దు, కాల్చని ఊక పట్టుకెళ్లండి

ప్రశ్న: మండపేట వైపు రైస్ మిల్లుల్లో బాయిలర్ బూడిద గుట్టలుగా పడి ఉంటుంది. దాన్నుంచి లిథియం బ్యాటరీకి పనికొచ్చే సిలికాన్ తీసి ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా పెట్టుకోవచ్చా?

సిలికాన్ తీయొచ్చండి. కాకపోతే బూడిద జోలికి వెళ్లకుండా ఊకతోనే మొదలెట్టండి. స్టాన్‌ఫర్డ్‌లో యీ త్సుయ్ బృందం 2013లోనే వరి ఊక నుంచి సిలికాన్ తీసి బ్యాటరీలో నడిపి చూపించింది, కాబట్టి అవుతుందా అవదా అన్న అనుమానం అక్కర్లేదు. మన కాలేజీ ల్యాబుల్లో ఎందుకు చెడిపోతుందన్నదే తెలుసుకోవాలి. నన్నడిగితే బ్యాటరీ దాకా వెళ్లకముందే, ఊక కడిగే గిన్నె దగ్గరే పని చెడుతుంది.

ముందు బూడిద సంగతి. బాయిలర్లో వేడి 800 డిగ్రీలు దాటిందంటే ఊకలోని సిలికా క్రిస్టోబలైట్ అనే స్ఫటికంగా మారడం మొదలవుతుంది. సన్నటి రంధ్రాలన్నీ మూసుకుపోతాయి. మనకు కావలసింది ఆ రంధ్రాలే, బ్యాటరీలో సిలికాన్ ఉబ్బడానికి చోటు అవే ఇస్తాయి. పైగా ఊకగుట్ట కింద నుంచి పారతో ఎత్తేటప్పుడు వచ్చిన మట్టి, ఇసుక అన్నీ అందులోనే ఉంటాయి. నమ్మకం లేకపోతే 1 గ్రాము బూడిదను 50 మిల్లీలీటర్ల 2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో 90 డిగ్రీల దగ్గర గంటసేపు కలుపుతూ ఉంచండి. స్ఫటికం కాని సిలికా చాలావరకు కరుగుతుంది. అడుగున మిగిలిన నల్లది బొగ్గు, గరగరలాడేది స్ఫటికమూ ఇసుకా. స్ఫటికం ఉందో లేదో చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ తీయించినా సరే: 22 డిగ్రీల దగ్గర వెడల్పాటి గుబ్బ కనబడితే పనికొస్తుంది, సూదిలాంటి శిఖరం కనబడితే వదిలేయండి.

ఇక ఊక. ఊక బరువులో సుమారు ఐదో వంతు సిలికా. వేళ్ల మధ్య నలిపితే తగిలే ఆ గరుకు దాని వల్లే. దాంతోపాటు పొటాషియం కూడా ఉంటుంది, మన శత్రువు అదే. కాలేటప్పుడు పొటాషియం సిలికా పైపొరను కరిగించి గాజులా చేస్తుంది. ఆ గాజు లోపల బొగ్గు చిక్కుకుపోయి గాలి అందదు. అప్పుడు పది గంటలు కాల్చినా నల్ల చుక్కలు పోవు. చాలామంది ఫర్నేస్ బాగోలేదనుకుని వేడి పెంచుతారు, అలా పెంచితే ఇంకా గాజు కడుతుంది.

అందుకని కాల్చకముందే కడగాలి. 50 గ్రాముల ఊకను మామూలు నీళ్లతో జాడించి మట్టి తీసేయండి. 750 మిల్లీలీటర్ల 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్ కావాలి. గాఢ ఆసిడ్ సుమారు 65 మిల్లీలీటర్లు పడుతుంది, ఆసిడ్‌నే నీళ్లలో పోయాలి సుమండీ. ఊక తేలిపోతుంది కాబట్టి పైన గాజు పలక బరువు పెట్టి, 90 డిగ్రీల దగ్గర రెండు గంటలు, ఆవిర్లు బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లో ఉంచండి. నీళ్లు డికాక్షన్ రంగుకి తిరుగుతాయి.

మన డెల్టాలో పని పాడయ్యేది సరిగ్గా ఇక్కడే. ఆసిడ్ వంపేశాక కడగడానికి కుళాయి తిప్పుతారు. ఆ కుళాయిలోకి వచ్చేది బోరు నీళ్లు. అమలాపురం, నరసాపురం దిగువన చాలా బోర్లు ఉప్పగా ఉంటాయి. పొటాషియం తీసేసిన ఊకకి సోడియం, కాల్షియం పట్టించినట్టే, సోడియం కూడా అదే గాజు కడుతుంది. రెండు గంటల కష్టం రెండు నిమిషాల్లో పోతుంది. డిస్టిల్డ్ వాటర్‌తోనే ఐదారు సార్లు కడగండి. ఆఖరి కడుగులో ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లటి మసక రాకూడదు. డిస్టిల్డ్ వాటర్‌కి డబ్బుల్లేవంటూ విద్యార్థులకు బోరు నీళ్లు ఇచ్చే డిపార్టుమెంట్లను చూస్తే బాధేస్తుంది, రెండు వందల రూపాయల నీళ్ల దగ్గర ఆరు నెలల పని పోతుంది.

ఎండబెట్టి, వెడల్పు పింగాణీ గిన్నెలో సెంటీమీటరు మందాన పరచి మఫిల్ ఫర్నేస్‌లో పెట్టండి. నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 350 దాకా పోనిచ్చి గంట ఆపితే పొగ అంతా పోతుంది. తర్వాత 650 దగ్గర మూడు గంటలు. గాలి ఆడాలి కాబట్టి తలుపు బిగించకండి. బయటికి తీస్తే గింజ గింజకీ ఆకారం అలాగే ఉంటుంది, చిన్న తెల్ల పడవల్లా. వేలు ఆనించగానే పొడైపోతాయి. 7 నుంచి 9 గ్రాములు వస్తుంది. బూడిదరంగు తిరిగినా, నల్ల చుక్కలు కనబడినా ఆ విడత పక్కన పెట్టి మళ్లీ కడుగుడు నుంచి మొదలెట్టండి. దాన్ని ముందుకు లాక్కెళ్లడం శుద్ధ దండగ.

తర్వాత మెగ్నీషియంతో ఆక్సిజన్ లాగేయాలి. 1 గ్రాము సిలికాకి 0.8 గ్రాము మెగ్నీషియం పొడి, 10 గ్రాముల ల్యాబ్ సోడియం క్లోరైడ్. వంటింటి అయోడిన్ ఉప్పు వద్దు. ఈ చర్యలో వేడి ఒక్కసారిగా ఎగసిపడుతుంది, ఉప్పు కరిగి ఆ వేడిని తాగేస్తుంది. లేకపోతే సిలికాన్ ముద్ద కట్టి రంధ్రాలు పోతాయి. ఉప్పుని ముందురోజు రాత్రి 150 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. మూత ఉన్న స్టీలు మూసలో వేసి, ఆర్గాన్ అరగంట పంపాక 650 డిగ్రీల దగ్గర మూడు గంటలు. ఆర్గాన్ లేదని నైట్రోజన్ సిలిండర్ తగిలించకండి. మెగ్నీషియం నైట్రోజన్‌ని కూడా పట్టుకుని నైట్రైడ్ అవుతుంది. తర్వాత నీళ్లు తగలగానే అమ్మోనియా ఘాటు గుప్పుమంటుంది. ఆ వాసన వచ్చిందంటే మెగ్నీషియంలో కొంత వృథా అయినట్టే.

పూర్తిగా చల్లారాకే తెరవాలి. గోధుమరంగు పొడి ఉంటే మంచిది. నీలి నలుపు ముద్దలుంటే అది మెగ్నీషియం సిలిసైడ్, మెగ్నీషియం ఎక్కువైందని గుర్తు. దానిమీద ఆసిడ్ పోస్తే సిలేన్ వాయువు పుట్టి, గాలి తగలగానే టప్ టప్‌మని చిన్న మంటలతో పేలుతుంది, తెల్లపొగ లేస్తుంది. అందుకే గాఢ ఆసిడ్ ఎప్పుడూ వద్దు. చర్యలో పుట్టిన మెగ్నీషియం ఆక్సైడ్ కరిగిపోవడానికి, ఐసులో పెట్టిన 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లోకి పొడిని చెంచా కొసతో కొద్దికొద్దిగా వేయండి. హుడ్, కళ్లద్దాలు ఉండాల్సిందే. ఒంటరిగా చేయకండి.

1 గ్రాము సిలికాకి లెక్క ప్రకారం 0.47 గ్రాము సిలికాన్ వస్తుంది. మీకు 0.6 వచ్చిందంటే సంబరపడకండి, అందులో మారని సిలికా, మెగ్నీషియం సిలికేట్ ఉన్నట్టు. దాన్ని హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్‌తో తీసేయమని రాస్తుంటారు. ఆ ఆసిడ్ ఒంటిమీద పడితే వెంటనే రాయాల్సిన కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా లేని ల్యాబులో ఆ సీసా మూత కూడా తీయకండి. మిగిలిన సిలికా ఎంతో కొలిచి థీసిస్‌లో రాస్తే చాలు. ఈడీఎక్స్‌లో (ఏ మూలకం ఎంతుందో ఎక్స్‌రేతో చూపే పరీక్ష) ఒక్క చుక్క చూసి "99 శాతం శుద్ధి" అని రాసే అలవాటు మాత్రం మానుకోవాలి.

బ్యాటరీ భాగానికి గ్లవ్ బాక్స్ (గాలి, తేమ చొరబడని పెట్టె) కావాలి, అది ఉన్న చోటికే పట్టుకెళ్లండి. సిలికాన్ గ్రాముకి సుమారు 3,579 మిల్లీయాంపియర్ అవర్లు పట్టగలదు, గ్రాఫైట్‌కి 372. కానీ లిథియం పూర్తిగా ఎక్కితే సిలికాన్ ఉబ్బి దాదాపు నాలుగింతల పరిమాణం అవుతుంది. పొడిని అంటిపెట్టి ఉంచే జిగురుగా మామూలుగా వాడే పీవీడీఎఫ్ బైండర్ ఆ ఉబ్బుకి పట్టు వదిలేస్తుంది, సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) గానీ సోడియం ఆల్జినేట్ గానీ వాడండి. మొదటి ఛార్జిలో సామర్థ్యం ఎంత పోయిందో దాచకుండా చూపించండి.

మిల్లుకి వెళ్లినప్పుడు గుట్టలోంచి ఎత్తొద్దు. పొట్టు తీసే యంత్రం నుంచి గొట్టంలో వచ్చే చోట శుభ్రమైన గోనె పట్టండి, రెండు కిలోలు చాలు. వరి రకం స్వర్ణా, 1010ఆ, పంట సార్వాదా దాళ్వాదా అడిగి సంచి మీదే రాసుకోండి. రకాన్ని బట్టీ నేలను బట్టీ పొటాషియం మారుతుంది. మిల్లు మారితే ఆసిడ్ కడుగుడు ఒక విడత చిన్నగా చేసి, కాలాక రంగు చూశాకే పెద్ద విడతకి దిగండి.