ఫిట్ సర్టిఫికెట్ ఇచ్చారు, సంతకం పెట్టాలా? – సమాధానం

తమ్ముడూ, ఓడ ఇంజిన్ రూమ్ మెట్ల మీద జారి మోకాలి లిగమెంట్ తెగిందని, కంపెనీ డాక్టర్ ఫిట్ అన్నాడని, ఇప్పుడు ఫుల్ అండ్ ఫైనల్ కాగితం (ఇక కంపెనీ నుంచి ఏమీ అడగనని రాసిచ్చేది) మీద సంతకం అడుగుతున్నారని రాశావు. ఇప్పుడే పెట్టకు. ఈఎంఐ టెన్షన్‌లో నేను భుజం దెబ్బకి అలాగే పెట్టేసి, తర్వాత చాలా బాధపడ్డాను.

ముందు నీ సీబీఏ (యూనియన్, కంపెనీ చేసుకున్న ఉమ్మడి ఒప్పందం) తీసి డిజేబిలిటీ క్లాజు, అంటే వైకల్యం గురించిన భాగం, చదువు. ఐటీఎఫ్ (అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య) తరహా అగ్రిమెంట్లలో, కంపెనీ డాక్టర్ చెప్పినదాన్ని నీ డాక్టర్ ఒప్పుకోకపోతే, కంపెనీ, యూనియన్ కలిసి మూడో డాక్టర్‌ని పెట్టొచ్చు. ఆయన మాటే ఫైనల్. అందుకే వైజాగ్‌లో మంచి ఆర్థోపెడిక్ సర్జన్‌కి చూపించు. రిపోర్టులో ‘నొప్పి ఉంది’ అని ఉంటే సరిపోదు. మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోంది, నిలువు నిచ్చెన ఎక్కగలవా, ఓడ డ్యూటీకి శాశ్వతంగా అన్‌ఫిట్టా అన్నది రాయించు. ఆ చివరి మాటకే అసలు విలువ. వైకల్యం 50 శాతం లోపు వచ్చినా, శాశ్వత అన్‌ఫిట్ అని తేలితే పూర్తి పరిహారం ఇచ్చే క్లాజు ఈ అగ్రిమెంట్లలో తరచూ ఉంటుంది.

ఎంఎల్‌సీ (ఓడ కార్మికుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం, కాంట్రాక్టులో ఉన్నదానికంటే తక్కువకి ఒప్పుకోమని ఒత్తిడి చేయకూడదు. వైకల్యం ఇంకా తేలకపోతే మధ్యంతర చెల్లింపు అడగొచ్చు. ఓడలో రాసిన యాక్సిడెంట్ రిపోర్ట్ కాపీ ఉందా? లేకపోతే ఈరోజే మెయిల్‌లో అడుగు, ఫోన్‌లో వద్దు.