తిరుగు రైలు చూసుకుని టికెట్ కొనండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే సంగతి మీద ఉన్నాయి. పెద్ద ఊళ్లలో స్టేజీ మీద జరిగేవి చూడాలని ఉంది, చేతిలో డబ్బు అంతంతమాత్రం, ఎట్లా అని. మూడింటికీ ఇక్కడే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి, చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. డిసెంబరులో చెన్నైలో పెద్ద పెద్ద వాళ్ల నాట్యాలు ఉంటాయంట, చూపించమని ఒకటే గొడవ. టికెట్లు వేలల్లో ఉంటాయి, రూము అద్దె వేరే అని మావారు అంటున్నారు. మాలాంటి వాళ్లకి అయ్యే పనేనా?
– ఒక తల్లి, కావలి

జవాబు: అవుతుందమ్మా, తప్పకుండా తీసుకెళ్లండి. మనవాళ్లు చెన్నై అంటే ఆసుపత్రికీ, టీ నగర్‌లో పట్టుచీరలకీ పోతారు గానీ అదే రైలెక్కి ఒక కచేరీకో నాట్యానికో వెళ్లాలని ఎవరికీ తోచదు, నాకు ఎప్పుడూ బాధనిపించే విషయం ఇది. హైదరాబాదు కంటే మనకి ఎంతో దగ్గర, పైగా అక్కడి సభల్లో (కచేరీలు, నాట్యాలు పెట్టించే సంస్థల్ని అక్కడ సభలంటారు) పాడే కీర్తనల్లో త్యాగయ్యవి ఎక్కువ, అంటే మన తెలుగే. కూచిపూడిని మద్రాసులో నిలబెట్టిన వెంపటి చినసత్యం గారు 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టింది కూడా ఆ ఊళ్లోనే. మీ పాప అడగడంలో తప్పేముంది చెప్పండి.

మీవారు చెప్పినట్టు వేలల్లో టికెట్లు పేరుమోసినవాళ్ల సాయంత్రం కచేరీలకి, ముందు వరుసలకి ఉంటే ఉండొచ్చు. కానీ మార్గళి సీజన్, అంటే డిసెంబరు, జనవరిల్లో అక్కడ జరిగే ఈ కచేరీల కాలం, అవి మాత్రమే కాదు. మైలాపూరు, టీ నగర్, ఆళ్వార్‌పేట చుట్టుపక్కల డజన్ల కొద్దీ సభలున్నాయి, పొద్దున్నించి రాత్రి దాకా ఒకదాని తర్వాత ఒకటి నడుస్తూనే ఉంటాయి, ఆ పగటిపూట కార్యక్రమాలకి చాలా సభల్లో టికెట్టే ఉండదు, నేరుగా వెళ్లి కూర్చోవడమే. పగలు పాడేవాళ్లు, ఆడేవాళ్లు ఎక్కువగా కుర్రవాళ్లు. మీ పాపకి అదే మేలు, తనకంటే నాలుగైదేళ్లు పెద్దయిన పిల్ల స్టేజీ మీద ఎట్లా నిలబడుతోందో చూస్తే, ఎంత పెద్ద కళాకారిణిని చూసినా రాని ధైర్యం వస్తుంది.

ఇంకో సంగతి, డిసెంబరు అంతా సంగీతానిదే పైచేయి. నాట్యం కోసమే అయితే జనవరి మొదటి వారం మంచిది, అప్పుడు మ్యూజిక్ అకాడమీలో డ్యాన్స్ ఫెస్టివల్ జరుగుతుంది. డిసెంబరు చివరే కుదురుతుందంటే తిరువాన్మియూరులో కళాక్షేత్ర అనే నాట్య విద్యాలయం వాళ్ల ఉత్సవం, టీ నగర్‌లో కృష్ణ గాన సభ వాళ్ల నాట్య కళా కాన్ఫరెన్స్ ఉంటాయి. ఈ రెండోది ఉదయం పూట జరుగుతుంది, నాట్యకారులే వచ్చి తమ పని గురించి మాట్లాడతారు, చేసి చూపిస్తారు. నేర్చుకునే పిల్లకి పది ప్రదర్శనల పెట్టు.

టికెట్ కొనాల్సి వస్తే నాట్యానికి కింద వెనక వరుసలు వద్దు, అంతకంటే బాల్కనీ నయం. కింద వెనక కూర్చుంటే ముందున్న తలకాయల మధ్య పాదాలు కనపడవు, కూచిపూడిలో పాదాలు కనపడకపోతే సగం పోయినట్టే. బాల్కనీలో ముఖం దూరమైనా అడుగులన్నీ తెలుస్తాయి. పాట కచేరీకైతే ఎక్కడ కూర్చున్నా ఒకటే, చౌక సీటు తీసుకోండి.

ఇక అసలు ఖర్చు. చేతి చమురు వదిలేది టికెట్ దగ్గర కాదు, రూము దగ్గర. అందుకని ముందు తిరుగు రైలు రిజర్వు చేసుకుని, ఆ టైముకి ఏ కార్యక్రమం అయిపోతుందో దాన్ని ఎంచుకోండి. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో పోతే మధ్యాహ్నానికి సెంట్రల్లో దిగుతారు, కానీ ఆ బండే కాసేపటికి తిరిగి బయల్దేరుతుంది కాబట్టి రావడానికి పనికిరాదు. రాత్రి విజయవాడ వైపు బళ్లు చాలానే ఉన్నాయి, అయితే అన్నీ కావలిలో ఆగవు, కొన్ని సెంట్రల్ నుంచి కాకుండా ఎగ్మోర్ మీదుగా పోతాయి, ఈ రెండూ చూసుకుని బుక్ చేయండి. సెంట్రల్ ఎదురుగా రోడ్డు దాటితే పార్క్ టౌన్ స్టేషన్, అక్కడ వేళచ్చేరి లోకల్ ఎక్కి తిరుమయిలైలో దిగితే మైలాపూరే, ఆటోవాళ్లతో బేరాలుండవు. చెన్నైలో చుట్టాలు లేని నెల్లూరు జిల్లా కుటుంబం తక్కువ, ఉంటే మొహమాటపడకుండా ఒక ఫోన్ చేయండి, ఆ రాత్రి రూము ఖర్చూ తప్పుతుంది. సభ క్యాంటీన్లో ఒక పూట ఆకు భోజనం చేయండి. చౌక అని కాదు, పిల్లకి గుర్తుండిపోతుందని.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని. వేసవిలో అబ్బాయి దగ్గరికి న్యూజెర్సీ ఎడిసన్ వెళ్తున్నాం. పద్యనాటకాలంటే ప్రాణం, ఊళ్లో నేనూ వేషం కట్టినవాణ్ణి. పక్కనే న్యూయార్క్‌లో పెద్ద థియేటర్లలో వేసే బ్రాడ్‌వే నాటకం ఒక్కటైనా చూడాలని కోరిక. టికెట్ రెండొందల డాలర్లు పైమాటేనంటున్నాడు వాడు. రూపాయల్లో లెక్కేసుకుంటే నోట మాట రావడం లేదు. ఆ యాస అర్థమవుతుందో లేదోనని కూడా టెన్షన్.
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: మాస్టారూ, వేషం కట్టినవారు మీరు చూడకపోతే ఇంకెవరు చూడాలి! కావలి చెల్లెలికి చెప్పిన లెక్క మీకు తిరగబడుతుంది. ఆమెకి టికెట్ చౌక, ఉండటం ఖరీదు. మీకు ఉండటానికి కొడుకు ఇల్లుంది, టికెట్టే ఖరీదు. కానీ మీ దగ్గర అబ్బాయికి లేనిది ఒకటుంది, తీరిక. అక్కడ చౌక టికెట్లు తీరిక ఉన్నవాళ్లకే దొరుకుతాయి.

టైమ్స్ స్క్వేర్ దగ్గర 47వ వీధిలో ఎర్ర మెట్లు ఉంటాయి, వాటి కింద టీకేటీఎస్ అనే టికెట్ కౌంటర్ ఉంది. లాభాపేక్ష లేని ఒక నాటక సంస్థ 1973 నుంచి నడుపుతోంది. ఆ రోజు ఆటలకి మిగిలిపోయిన సీట్లని 20 నుంచి 50 శాతం దాకా తగ్గించి అమ్ముతారు, దాని మీద చిన్న సర్వీసు రుసుం ఉంటుంది. బాగా గిరాకీ ఉన్న నాటకాలు అక్కడికి రావు కాబట్టి ఫలానాదే చూడాలి అని పట్టు పట్టకండి, బోర్డు మీద ఉన్నవాటిలో ఒకటి ఎంచుకోండి. ఇంకా చౌకగా కావాలంటే రష్ టికెట్లని ఉంటాయి, చాలా థియేటర్లలో ఆ రోజు పొద్దున బాక్సాఫీసు, అంటే థియేటర్ టికెట్ కిటికీ, తెరవగానే కొన్ని సీట్లు బాగా తక్కువకి ఇస్తారు, ముందు వచ్చినవాళ్లకే. కొన్నిటికి ఆన్‌లైన్ లాటరీ ఉంటుంది, పేరు నమోదు చేయడానికి డబ్బు కట్టక్కర్లేదు, ఆ పని మీ అబ్బాయికి అప్పజెప్పండి. మామూలు టికెట్ కొన్నా థియేటర్ కిటికీ దగ్గరే కొనండి, ఆన్‌లైన్లో పడే ఫీజులు తప్పుతాయి. రోడ్డు మీద తిరుగుతూ అమ్మేవాళ్ల దగ్గర మాత్రం కొనొద్దు.

చాలా నాటకాలకి బుధవారం మధ్యాహ్నం ఆట ఉంటుంది, అది మీకు అచ్చంగా సరిపోతుంది, చీకటి పడక ముందే ఎడిసన్ చేరతారు. ఎడిసన్ నుంచి ఎన్‌జే ట్రాన్సిట్ రైలు నేరుగా పెన్ స్టేషన్‌కి పోతుంది, అక్కణ్ణించి థియేటర్లకి నడిచిపోవచ్చు. 62 ఏళ్లు నిండినవాళ్లకి ఆ రైల్లో తగ్గింపు ఉంది, వయసు తెలిసే గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి.

యాస గురించి దిగులొద్దు. పాటలున్న నాటకమైతే ముందురోజు రాత్రి కథ మొత్తం చదువుకుని వెళ్లండి, మన జనం పద్యనాటకానికి కథ తెలిసే వెళ్తారు కదా, తెలిసిన కథని నటుడు ఎట్లా పలికిస్తాడా అనే కదా చూసేది. చాలా బ్రాడ్‌వే థియేటర్లలో ఫోన్ మీద మాటలు అక్షరాల్లో వచ్చే ఏర్పాటు కూడా ఉంది, వెళ్లగానే అక్కడివాళ్లని అడగండి. వేసవిలో వెళ్తున్నారు కాబట్టి ఇది కూడా రాసి పెట్టుకోండి, సెంట్రల్ పార్కులోని డెలకోర్ట్ ఆరుబయలు రంగస్థలంలో షేక్‌స్పియర్ నాటకాలు వేస్తారు, 1962 నుంచి ఉచితంగానే. పొద్దున్నే క్యూలో నిలబడాలి, అంతే. ఆరుబయట నాటకం చూడటం మీకు కొత్తేం కాదు.

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం. ఇంటర్న్‌షిప్‌కి హైదరాబాదో బెంగళూరో వెళ్తాను. స్టైపెండ్ తక్కువ. శని ఆదివారాల్లో నాటకాలు చూడొచ్చా?
– ఒక విద్యార్థి, ఒంగోలు

జవాబు: శుభ్రంగా చూడొచ్చు తమ్ముడూ. హైదరాబాదైతే రవీంద్రభారతి బయట ఆ వారం బోర్డు చూడు, అక్కడ చాలావాటికి ప్రవేశం ఉచితం. బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక ఉంది, కొత్త కుర్రాళ్ల నాటకాలు తక్కువ ధరకే వేస్తారు. సురభి వాళ్ల నాటకం ఎక్కడ పడినా మాత్రం వదలకు, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలుపెట్టి, తరాలుగా ఇంటిల్లిపాదీ అదే వృత్తిలో ఉన్న కుటుంబాలవి, తెరలూ మాయలూ అన్నీ చేత్తో లాగి చూపిస్తారు. ముందు వరుసలో కూర్చో.

బెంగళూరైతే జేపీ నగర్‌లో రంగ శంకర అనే నాటకాల థియేటర్. టికెట్ అందుబాటులోనే ఉంటుంది, కానీ ఆట మొదలైతే ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు, ఎంత బతిమాలినా అంతే. బెంగళూరు ట్రాఫిక్ సంగతి తెలుసు కదా, గంట ముందే చేరి అక్కడి క్యాంటీన్లో ఏదన్నా తిని కూర్చో.