జీవాయుధాల (రోగాలు తెచ్చే సూక్ష్మజీవులతో చేసే ఆయుధాల) మీద బ్యాన్ ఉంది కదా, మరి సోవియట్‌లో 1979లో ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఎలా లీకైంది?

బ్యాన్ ఉంది కానీ చెక్ చేసేవాళ్ళే లేరండీ, అసలు తిరకాసు అక్కడే. 1925 జెనీవా ప్రోటోకాల్ యుద్ధంలో వాడొద్దు అంది అంతే, తయారుచేసి దాచుకోవద్దు అనలేదు. ఆ లోటు పూడ్చడానికే 1972లో జీవాయుధాల ఒప్పందం వచ్చింది, 1975 నుంచి అమల్లో ఉంది, మన ఇండియా కూడా అందులో ఉంది. సోవియట్ వాళ్ళు సంతకమైతే పెట్టారు గానీ లోపల్లోపల పని ఇంకా పెంచారు.

1979 ఏప్రిల్‌లో స్వెర్ద్‌లోవ్‌స్క్ అనే సోవియట్ నగరంలోని మిలిటరీ ల్యాబ్ నుంచి ఆంత్రాక్స్ గాల్లోకి పోయి కనీసం 66 మంది చనిపోయారు, సర్కారేమో పాడైన మాంసం తిన్నారని చెప్పింది. తర్వాత సైంటిస్టులు వెళ్ళి, జబ్బు పడ్డవాళ్ళు ఆ రోజు ఎక్కడున్నారో మ్యాప్ మీద చుక్కలు పెట్టి చూస్తే, దాదాపు అన్నీ ల్యాబ్ నుంచి గాలి వీచిన వైపే సన్నటి పట్టీలా వచ్చాయి, గొర్రెలు చచ్చిన పల్లెలు కూడా అదే లైన్లో. మాంసం జబ్బు గాలి దిక్కు చూసుకుని వస్తుందా చెప్పండి! 1992లో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ అది మిలిటరీ పని వల్లేనని ఒప్పుకున్నాడు.

రసాయన ఆయుధాలకి తనిఖీ సంస్థ ఉంది, జీవాయుధాలకి లేదు. ఏళ్ళ తరబడి చర్చించి రాసిన తనిఖీ ముసాయిదాని 2001లో అమెరికా వద్దనేసింది.