ప్రోగ్రాములో గణిత సంకేతాలు

ప్రశ్న: నోటు పుస్తకంలో √ అని ఒక్క గుర్తుతో రాసేదాన్ని ప్రోగ్రాములో అక్షరాలతో ఎందుకు రాయాలి? గణిత సంకేతాలను నేరుగా వాడే వీలు లేదా? (ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: వీలుంది. కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు కెనెత్ ఐవర్సన్ 1962లో ప్రచురించిన సంకేత పద్ధతి నుంచి పుట్టిన ఏపీఎల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చాలా క్రియలకు ఒక్కొక్క గుర్తే ఉండేది. అయితే వాటిని అచ్చువేయడానికి టైపు మిషను వంటి ఐబీఎం టెర్మినల్లో, అచ్చు అక్షరాలు చెక్కి ఉండే బంతినే మార్చవలసి వచ్చేది. ఇప్పుడు యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ గుర్తులకూ కంప్యూటరులో ఒక్కో సంఖ్య కేటాయించే ప్రమాణం) వల్ల ఆ బాధ తీరింది. 2012లో విడుదలైన జూలియా అనే ప్రోగ్రామింగ్ భాషలో బ్యాక్‌స్లాష్ (\) తరువాత గుర్తు పేరు టైపు చేసి ట్యాబ్ నొక్కితే √, ≤, ∈ వంటివి వస్తాయి, √2 అని రాస్తే విలువ కూడా వస్తుంది. పైథాన్ 3 భాషలో α, β లను చలరాశుల పేర్లుగా పెట్టుకోవచ్చు గాని, √ చెల్లదు. జూలియా, పైథాన్ రెండింటిలోనూ భిన్నాన్ని మాత్రం పుస్తకంలోలా పైనా కిందా పేర్చలేము, ఏటవాలు గీత (/) పెట్టి ఒకే వరుసలో రాయవలసిందే.

సూత్రాన్ని కోడ్‌తో పక్కపక్కన పెట్టి సరిచూసుకోవడానికి ఈ సంకేతాలు ఎంతో మేలు చేస్తాయని నా నమ్మకం. కానీ గ్రీకు ν అక్షరం ఇంగ్లీషు ‘వి’ అక్షరంలాగే కనిపిస్తుంది కనుక, ఆ రెండింటినీ ఒకే ఫైలులో వాడకండి.