పూల్ క్లోరిన్‌కు జుట్టు పీచులా అయిపోయింది, ఇంట్లో ఏం చేయొచ్చు?

వారానికి నాలుగు రోజులు ఈతకు వెళ్తున్నారు, జుట్టుకు దువ్వెన దిగడం లేదు. వంటసోడా, గుడ్డు, పెరుగు, వెనిగర్‌లలో ఏది పనిచేస్తుందని మీ ప్రశ్న.

ముందుగా వంటసోడా పక్కన పెట్టేయండి. పూల్ నీళ్ల పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 7 దాటితే క్షారం) 7.2 నుంచి 7.8 మధ్య ఉంటుంది. వాటికే వెంట్రుక పైపొలుసులు లేస్తాయి. సోడా నీళ్ల పీహెచ్ 8 దాటుతుంది కాబట్టి ఇంకా లేస్తాయి. కడగ్గానే జుట్టు కిరకిరలాడితే క్లోరిన్ వదిలిందనుకుంటాం. నిజానికి పోయింది మిగిలిన ఆ కాస్త నూనె.

క్లోరిన్‌ను నిజంగా విరిచేది విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం. ఉప్పులో ఉండే క్లోరైడ్‌గా దాన్ని మార్చేస్తుంది. నమ్మకం కుదరకపోతే మగ్గుడు పూల్ నీళ్లలో క్లోరిన్ చూసే పట్టీ ముంచండి, రంగు తిరుగుతుంది. అవే నీళ్లలో చిటికెడు విటమిన్ సి పొడి కలిపి ఇంకో పట్టీ ముంచితే రంగే రాదు.

అర లీటరు నీళ్లకు పావు టీస్పూను పొడి, అంటే సుమారు 1 గ్రాము చాలు. పూల్ నుంచి రాగానే షవర్ కింద తలంతా బాగా తడపండి. తర్వాత ఈ నీళ్లు కుదుళ్ల నుంచి చివర్ల దాకా పోసుకుని, రెండు నిమిషాలు ఆగి షాంపూ, ఆపైన కండిషనర్. తల మీద గీతలో పుండో ఉంటే చురుక్కుమంటుంది, చివర్లకు మాత్రమే పోసుకోండి.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఇంటికెళ్లాక చూద్దాంలే అని తడిజుట్టు ముడేసుకుంటారు, క్లోరిన్ దాని పని అది చేసుకుపోతుంది. ఇంకొందరు నీళ్లలో బుసబుసమని పొంగే విటమిన్ సి బిళ్లలు వాడతారు. ఆ పొంగు సోడాదే, పైగా రంగూ తీపీ కలిపి ఉంటాయి. పొడి విడిగా కొనుక్కోండి. ముందే కలిపి సీసాలో పెట్టినా దండగే, గాలి తగిలి పసుపు తిరిగి శక్తి పోతుంది. పొడిని చిన్న డబ్బాలో తీసుకెళ్లి అక్కడే కలుపుకోండి.

వెనిగర్ క్లోరిన్‌ను విరవదు. లేచిన పొలుసుల్ని అణుస్తుంది, చిక్కు తగ్గుతుంది, అంతే. అర లీటరు నీళ్లకు ఒక టేబుల్‌స్పూను, షాంపూ తర్వాత, వారానికోసారి. విటమిన్ సి పోసుకున్న రోజున ఇది అక్కర్లేదు. నిమ్మరసం రాసుకుని ఎండలో తిరిగితే మాత్రం జుట్టు రంగు వెలుస్తుంది.

జుట్టు ఆకుపచ్చగా మారితే నేరం క్లోరిన్‌ది కాదు, రాగిది. నాచు పట్టకుండా పూల్‌లో వేసే మందుల నుంచో, రాగి గొట్టాల నుంచో వస్తుంది. నెరిసిన, బ్లీచ్ చేసిన జుట్టులో బాగా కనబడుతుంది. దానికి ఈడీటీఏ (రాగి లాంటి లోహాలను పట్టి లాగేసే పదార్థం) ఉన్న షాంపూ వాడి, నురగ మూడు నాలుగు నిమిషాలు ఉంచి కడగాలి.

గుడ్డులోని ప్రోటీన్ వెంట్రుక లోపలికి దూరలేనంత పెద్దది, పైన పూతలా ఉండిపోతుంది. వేడినీళ్లతో కడిగారో, తలలోనే ఉడికి తునకలు పట్టుకుంటాయి. వాటిని ఏరడమే పెద్ద పని. పెరుగు కాస్త మెత్తదనం ఇస్తుంది, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు.

వీటన్నిటికన్నా ఈతకు ముందు చేసేదే ఎక్కువ పనిచేస్తుంది. పొడి జుట్టు ఆవురావురుమంటూ నీళ్లు పీల్చుకుంటుంది, కాబట్టి దిగేముందే మంచినీళ్లతో నానేలా తడిపితే పూల్ నీళ్లకు చోటు తగ్గుతుంది. ముందురోజు రాత్రి భుజాల దాకా ఉన్న జుట్టుకు ఒక టీస్పూను కొబ్బరినూనె, చివర్లకు ఎక్కువగా పట్టించండి. అందులోని లారిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం వల్ల అది వెంట్రుక లోపలికి ఇంకుతుంది, మినరల్ ఆయిల్ ఇంకదు. దిగే ముందు నూనె రాస్తే మాత్రం టోపీ జారుతుంది, పూల్ ఫిల్టర్‌కూ జిడ్డు పడుతుంది. సిలికాన్ టోపీలోకి నీళ్లు వెళ్తాయి, కానీ లోపలి నీళ్లు మాటిమాటికీ మారవు, దాని లాభం అదే.

ఇప్పటికే ఎంత పాడైందో చూడాలంటే ఒక తడి వెంట్రుకను రెండు వేళ్ల మధ్య మెల్లగా లాగండి. కాస్త సాగి వెనక్కి వస్తే పై పద్ధతులు సరిపోతాయి. చూయింగ్ గమ్‌లా సాగి అలాగే ఉండిపోయినా, చివర చీలి ఉన్నా ఏ నూనే దాన్ని అతికించలేదు. ఆ చీలిక పైకి పాకకముందే అంతమేర కత్తిరించేయండి.