ముందు మోకాలు చూడు పాపా

కడప

చిరంజీవి మేనకోడలికి మామ దీవించి రాస్తున్నది.

మీ అమ్మ ఆదివారం ఫోన్ చేసింది. వేసవి క్యాంపుకు వచ్చే 60 మంది ఫుట్‌బాల్ పిల్లలకు బ్యాలెన్స్, గెంతు, కాళ్ళ కదలిక అన్నీ చూసి మార్కులు వేస్తావటగా. ఆ మాట విన్నప్పటి నుంచి ఇంట్లో కాలు నిలవడం లేదు నాకు. సంతోషమా, భయమా అని మీ అత్త అడిగితే చెప్పలేకపోయాను. నేను పీటీ అయ్యోరుగా చేరిన రోజుల్లో ఆడపిల్ల నిక్కరు వేసుకుని బంతి తంతే ఊరు ఊరంతా బడి గోడలెక్కి చూసేది. ఇప్పుడు ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానాల పుణ్యమా అని అనంతపురంలో అది వింత కాకుండా పోయింది. అక్కడే నువ్వు కోచ్‌వి. మీ తాత ఉండి ఉంటే ఈపాటికి టీ అంగళ్ళన్నీ తిరిగి చెప్పుకునేవాడు.

సరే, ముందు తిట్లు. నువ్వు టెస్టుల వరస రాసుకున్న కాగితం మీ అమ్మ వాట్సాప్‌లో పంపితే చూశాను. 60 మందిని ఒక్క పొద్దులో ఎట్లా చూస్తావే? వై బ్యాలెన్స్ టెస్టు అంటే ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు మూడు దిక్కులకు చాపడం. దిక్కుకు మూడు సార్లు, రెండు కాళ్ళకూ. మనిషికి 18 కొలతలు. 60 మందికి 1,080. అంతకుముందు నాలుగైదు సార్లు అలవాటు చేయించాలి, లేకుంటే నువ్వు కొలిచేది వాళ్ళ బెరుకునే. రోజుకు పదిహేను మంది చాలు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి, ఎండ ముదరక ముందే ముగించు. పరుగెత్తించి అలిసిపోయాక మాత్రం టెస్టు పెట్టొద్దు.

మిగతావి నీకు తెలిసినవే. బూట్లు తీయించు. చేతులు నడుం మీద. మడమ లేస్తే లెక్క కాదు, చాపిన కాలి మీద బరువు వేసినా లెక్క కాదు. గరుసు నేల వద్దు, సిమెంటు అరుగు చూసుకో. తుంటి ముందు ఎముక నుంచి లోపలి చీలమండ దాకా కాలి పొడుగు కొలిచి, చాపిన దూరాన్ని దానితో భాగించు. పొడుగు కాళ్ళవాడు దూరం చాపితే అందులో వాడి గొప్పేముంది?

ముందువైపు చాపినప్పుడు రెండు కాళ్ళ మధ్య 4 సెంటీమీటర్లకు మించి తేడా వస్తే ఆ పేరు పక్కన చుక్క పెట్టుకో. ఆ లెక్క 2006లో అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆడే హైస్కూలు పిల్లల మీద తేల్చింది. అంత తేడా ఉన్నవాళ్ళకు కాళ్ళ గాయాలు రెండున్నర రెట్లు ఎక్కువయ్యాయట. మన పిల్లలకు, మన నేలకు అది జాతకంలాగా పనికిరాదు. చుక్క చుక్కగానే ఉండనీ.

ఇప్పుడు అసలు రాయాలనుకున్నది.

1997. జిల్లా పోటీలకు రెండు నెలలుంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది, పేరెందుకులే. బంతి ఆ పిల్ల కాళ్ళకు అతుక్కుని వచ్చేది. ఒకరోజు అందరినీ బడి అరుగు మీద నుంచి కిందికి దూకించాను. ఏ పుస్తకంలోనో చదివి కాదు, అరుగు ఉంది కాబట్టి. ఆ పిల్ల దిగినప్పుడల్లా రెండు మోకాళ్ళూ లోపలికి వంగి ఒకదానికొకటి తగిలేవి. కుడిది మరీను. నోటుబుక్కు తీసి రాసుకున్నాను: 'మోకాలు లోపలికి. కుడి.' రాసి, 'ఏమ్మా, మోకాళ్ళతో చప్పట్లు కొడుతున్నావా?' అన్నాను. అందరూ నవ్వారు, ఆ పిల్ల కూడా. మరుసటి రోజు యథాప్రకారం కార్నర్ కిక్కులు.

జిల్లా పోటీల్లో రెండో మ్యాచ్. ఎవరూ తగల్లేదు, ఎవరూ తొయ్యలేదు. బంతిని తలతో కొట్టడానికి ఎగిరి, దిగింది. గీత బయట నిలబడ్డ నాకు చప్పుడు వినబడింది, ఎండుపుల్ల విరిచినట్టు. అప్పుడు నేనేం చేశానో మీ అత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు చల్లి, 'లేమ్మా, ఇంకా పది నిమిషాలే' అని మళ్ళీ లోపలికి పంపాను. నాలుగడుగులు వేసి మోకాలు జారి కూలబడింది. సాయంత్రానికి అది వాచి గుమ్మడికాయంత అయింది. ఎవరో కట్టు కట్టారు. బెంగళూరు తీసుకుపోయి చూపించమన్నారు. శెనక్కాయ పంట పోయిన ఇల్లు, ఎవరు తీసుకుపోతారు? నేనైనా తీసుకుపోలేదు. సంక్రాంతి తర్వాత ఆ పిల్ల బడికే రాలేదు.

ఆ నోటుబుక్కు ఇప్పటికీ బీరువాలో ఉంది. కన్ను పనిచేసింది, పెన్ను పనిచేసింది. దాంతో నా పని అయిపోయిందనుకున్నాను.

నాలుగేళ్ళ కింద తాడిపత్రి బస్టాండులో ఆ పిల్ల కనబడింది. 'బాగుండారా సార్' అని తనే పలకరించింది. టీ తాగించి డబ్బులు కూడా ఇవ్వనీయలేదు. బస్సు వచ్చింది. పాడు అలవాటు, నేను మెట్టెక్కే కాలు చూశాను. ఎడమ కాలు పైన పెట్టి, కమ్మీ పట్టుకుని, కుడికాలిని వెనకాలే లాక్కుంది.

అందుకే పాపా, నువ్వు చివర్లో రాసుకున్న దూకే పరీక్షను మొదటికి తే. 30 సెంటీమీటర్ల బల్ల మీద నుంచి దిగమను, ఫోన్‌లో ఎదురుగా నుంచి వీడియో తియ్యి, మోకాళ్ళు ఎటు పోతున్నాయో చూడు. మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు (ఏసీఎల్) తెగడం ఆడపిల్లల్లో మగపిల్లలకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ, అదీ చాలాసార్లు ఎవరూ తగలకుండానే. లోపలికి వాలుతుంటే ఆ రోజే మెత్తగా దిగడం నేర్పించు, మోకాలు కాలివేళ్ళ వైపు ఉండేటట్టు. ఫిఫా వాళ్ళ 11 ప్లస్ వార్మప్ ఉంది కదా, 20 నిమిషాలది, వారానికి కనీసం రెండుసార్లు చేయించు. 2007లో నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ ఆడపిల్లలతో చేయించి చూస్తే గాయాలు మూడో వంతు దాకా తగ్గాయి. చిన్నవాళ్ళకు వేరేది ఉంది, దాన్ని దీన్ని కలపొద్దు. 1997లో ఇదంతా నాకు తెలిసుంటే చేయించేవాణ్ణా? పోటీల ముందు 20 నిమిషాలు దండగ అనేవాణ్ణేమో.

నొప్పి అన్న పిల్లకు మార్కులు వెయ్యకు. టెస్టు ఆపి డాక్టరు దగ్గరికి పంపు. మన పిల్లలు నోరు తెరిచి చెప్పరు, ముఖం చూడాలి. మోకాలిచిప్ప కింద ఎముక బుడిపెగా లేచి, నొక్కితే ఉలిక్కిపడితే అది ఎదిగే వయసు నొప్పి, దాన్ని సోమరితనం అనొద్దు. ఆడపిల్లలు పన్నెండు, మగపిల్లలు పద్నాలుగు ప్రాంతంలో ఒక్కసారిగా సాగుతారు. అప్పుడు ఒంటికాలి మీద ఊగడం మామూలే. మీ తమ్ముడు ఎనిమిదో తరగతిలో తన కాలికి తనే తట్టుకుని పడేవాడు, గుర్తుందా? అట్లాంటివాణ్ణి ఆ ఒక్క మార్కు చూసి టీంలోంచి తీసెయ్యకు. మూడు నెలలకోసారి ఎత్తు కొలిచి, మళ్ళీ చూడు. మార్కులు అందరిలో చదవొద్దు.

మా పెరట్లో తొక్కుడుబిళ్ళ ఆడుతూ ఒంటికాలి మీద వంగి బిళ్ళ తీసేదానివి నువ్వు. చెయ్యి నేలకు ఆనేది కాదు. టేపూ వద్దు, గీతా వద్దు, నీ బ్యాలెన్స్ నాకు అప్పుడే తెలుసు. ఆ ఆటలోనే ఎడమ చీలమండ మెలిక పడి రెండు వారాలు కుంటుతూ తిరిగావు. అది ఇప్పుడెట్లా ఉందో మీ అమ్మ చెప్పలేదు, నువ్వూ రాయవు.

వడ్రంగితో బల్ల చేయించి శుక్రవారం బస్సులో పంపుతున్నా, సరిగ్గా 30 సెంటీమీటర్లు. అనంతపురం బస్టాండులో తీసుకో. లోపల మీ అత్త ఓలిగలు పెట్టింది, రెండు రోజుల్లో తినెయ్యి. గట్టిగా ఉందో లేదో చూద్దామని బల్ల మీద నుంచి నేనే ఒకసారి దూకాను. మోకాళ్ళు నేరుగానే ఉన్నాయి. మీ అత్త అరుపులకు పక్కింటివాళ్ళు వచ్చారు.

మీ మామ